ద్వారబంధం నిలబెట్టే పూట

ఆ పొద్దుట సూర్యకళ చెయ్యవలసిన పనులు ఇవి:

ఉలి, బాడిస, చిత్రిక, సుత్తి కడిగి తుడిచి బొట్లు పెట్టాలి.

నవధాన్యాలు పసుపుగుడ్డలో మూటగట్టి తమ్ముడు సత్తియ్య చేత రాజుగారింటికి ముందే పంపాలి.

ఆయనకి తలంటు పోయాలి. కొత్తపంచె లోపల పాత తువ్వాలు మడతపెట్టి, బయటికి ఎత్తుగా కనపడకుండా బిగించాలి.

కాఫీ ఇవ్వకూడదు. అడిగితే ఇందాకేగా తాగారు అనాలి. నమ్మేస్తారు.

బయల్దేరే ముందు ఒకసారి పెరట్లోకి తీసుకెళ్ళాలి. రాజుగారింటికి వెళ్ళాక ఇంకోసారి.

దారిలో ఎడంపక్కన నడవాలి. చెయ్యి పట్టుకున్నట్టు కనపడకూడదు, వదలకూడదు.

పురోహితుడి పేరు, రాజుగారి అల్లుడి పేరు రెండుమూడుసార్లు చెప్పి ఉంచాలి.

ఎవరు పలకరించినా ఆయనకంటే ముందు తను అందుకోవాలి.

నవ్వుమొహంతో ఉండాలి.

ఇందులో ద్వారబంధం పని ఎంతో, దాపరికం పని ఎంతో ఈ కథని మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

సూర్యకళ భర్త వీరబ్రహ్మం వడ్రంగి మేస్త్రి. నరసాపురం కాలవ పొడుగునా ఉన్న ఊళ్ళల్లో ఆయన చేతి ద్వారబంధం ఉన్న ఇంట్లో వానాకాలం కూడా తలుపు బిగుసుకోదని పేరు. కిందటేడు వైశాఖంలో చిత్రిక పడుతున్నవాడు పడుతున్నట్టే తల వెనక చెయ్యి పెట్టుకుని, ఎవరో సుత్తితో కొట్టినట్టుందే అని, చెక్కపొట్టులోకి ఒరిగిపోయాడు. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి పగిలిందన్నారు. రాజమండ్రిలో చూసి విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు. అక్కడ తల కొయ్యలేదు. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, రక్తనాళంలోంచే సన్నటి గొట్టం మెదడుదాకా పోనిచ్చి, ఆ బుడగలో ప్లాటినం తీగ చుట్టలు చుట్టలుగా నింపి మూసేశారు. మనిషి లేచి కూర్చున్నాడు. భార్యని గుర్తుపట్టాడు. ఆస్పత్రి తలుపు కిర్రుమంటోందని విసుక్కున్నాడు. ఆ విసుగు చూసి సూర్యకళ వరండాలోకి వెళ్ళి ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు గారు ఒక మాట చెప్పారు. ఈయన వయసు, వచ్చినప్పుడున్న తెలివి, లోపల కారిన రక్తం, అన్నీ చూసుకుంటే ఇలాంటివాళ్ళు పదిమందిలో ఏడుగురు ఏడాది తిరిగేసరికి మళ్ళీ పనిలోకి వెళ్తారమ్మా అన్నారు. ఇది లెక్కేగానీ నేను మాటివ్వడం కాదు అని కూడా అన్నారు. ఆ వెనక ముక్క సూర్యకళ చెవిన పడలేదు. ఏడుగురు అన్నమాటని ఆమె కొంగున కట్టుకుని తెచ్చుకుంది, జాతకం రాయించుకుని తెచ్చుకున్నట్టు.

దసరా వెళ్ళాక మొదలయింది. ముందు కాళ్ళు. పాదాలు నేలకి జిగురుపెట్టి అంటించినట్టు ఈడ్చుకుంటూ నడిచేవాడు. గుమ్మం దగ్గరికి రాగానే ఏ కాలు ముందు వెయ్యాలో తెలియనట్టు నిలబడిపోయేవాడు. తర్వాత మతిమరుపు. ఆ తర్వాత పక్క తడవడం. కాళ్ళకి నువ్వులనూనె రాసింది, మతిమరుపుకి తాయెత్తు కట్టించింది, పరుపు మీద రబ్బరుషీటు వేసింది. మూడూ ఒకే చోటినుంచి పుడుతున్నాయేమోనని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. సూర్యకళకి తట్టింది వేరు. ఆ ఏడుగురిలోకి రానివాడెవడు? వేళకి మందు పడనివాడు. ఇంట్లో ఆడది సరిగా చూసుకోనివాడు. అంటే తప్పు తనదే. తప్పు తనదైనప్పుడు పదిమందికీ చెప్పుకోవడమేంటి?

ఇక ఫోను సంగతి. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఫోనున్న ఇళ్ళు తక్కువ. ఆస్పత్రిలో నంబరడిగితే సూర్యకళ వీధి చివరింటి పల్లంరాజు గారి నంబరిచ్చి, పక్కన పీపీ అని, అంటే పిలిచి ఇచ్చే ఫోనని, రాయించింది. ఎవరికి ఫోనొచ్చినా రాజుగారి భార్య రామలక్ష్మమ్మ గారు విసుక్కోకుండా మనిషిని పంపి పిలిపించేవారు. ఒక్కటే చిక్కు. పల్లంరాజు గారికి చెవుడు. అందుకని ఆ ఫోన్లో స్పీకరు మీట ఎప్పుడూ నొక్కే ఉండేది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. అవతలివాళ్ళ మాట హాలంతా వినపడేది. ఊళ్ళో సగం పెళ్ళిసంబంధాలు కుదిరిందీ ఆ హాల్లోనే, చెడిందీ ఆ హాల్లోనే.

కార్తీకంలో ఆర్నెల్ల ఫోనొచ్చింది. తీగచుట్టలు పెట్టించుకున్న ప్రతి మనిషినీ ఆరో నెలకి, ఏడాదికి ఫోన్లో పలకరించి ఎలా ఉన్నారో రాసుకోవడం సత్యశ్రీ అనే అమ్మాయి ఉద్యోగం. రాబోయే రోగులకి ముందుముందు ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ రాసుకున్నవే ఆధారం. ఆ పూట పల్లంరాజు గారు కొత్తగా కట్టే ఇంటికి సింహద్వారం పని ఎవరికివ్వాలా అని పడక్కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నారు. స్పీకర్లోంచి ఆ పిల్ల గొంతు, పక్క తడుపుతున్నారా అమ్మా అని హాలుహాలంతటినీ అడిగింది. రాజుగారు పేపరు దించి చూశారు. సూర్యకళ కొంగు సర్దుకుంది.

"అబ్బే, అలాంటివేం లేవండి. శుభ్రంగా ఉన్నారు" అంది.

ఆరో నెల పరీక్షకి తీసుకురమ్మంటే పనుల్లో ఉన్నారండి, తీరిక చూసుకుని వస్తాం అంది. తీసుకెళ్తే బయటపడిపోతుంది కదా. ఫోను పెట్టేసరికి రాజుగారు సింహద్వారం పని మన వీరబ్రహ్మం ఆచారికే అన్నారు.

అప్పట్నుంచీ వీరబ్రహ్మం రాజుగారి పాకలో ఉలి పట్టుకుని కూర్చునేవాడు. అలవాటున చెయ్యి ఆడేది, కొలత తప్పేది. ఆయన భోజనానికి లేచాక సత్తియ్య కమ్ములు కలిపే బెజ్జాలు సరిచేసేవాడు. మరీ కుదరని చోట చెక్కముక్క అతికి మళ్ళీ తొలిచేవాడు. బావకి తెలియకూడదని అక్క ఒట్టు వేయించుకుంది.

ఇదీ ఇంతవరకూ జరిగింది. ఇవాళ పదిన్నరకి ముహూర్తం.

*

పనుల్లో సగం పైన అనుకున్నట్టే జరిగాయి. దారిలో పాలకేంద్రం దగ్గర ఎవరో ఆచారిగారూ బాగున్నారా అంటే సూర్యకళ అందుకుని, మీ దయవల్ల బాగున్నారండి, ఇవాళ ముహూర్తం కదా మాట్లాడే తీరిక లేదు అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆమె నవ్వితే ఆయన నవ్వడం ఈమధ్య అలవాటైంది. రాజుగారి అరుగు మెట్టు దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆమె చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, ఆయన మోకాలి వెనక వేలితో తట్టింది. కాలు లేచింది.

ద్వారబంధం పాత ఇంటికీ, పక్కనే కడుతున్న కొత్త ఇంటికీ ముందున్న పందిట్లో పడుకోబెట్టి ఉంది. టేకు. నిలువుకమ్ములు రెండింటికీ పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, పెళ్ళికూతురిలా ఉంది. ఆ ప్రాంతంలో సింహద్వారం ఒకసారి నిలబెట్టాక కదల్చరు. వంకర వస్తే ఆ వంకరతోనే ఆ ఇంట్లో మూడు తరాలు బతకాలి. అందుకే ఎవరి చెయ్యి అని అంతగా చూస్తారు. పురోహితుడింకా రాలేదు. రాజుగారి అంబాసిడర్ కారు ఆయన కోసమే వెళ్ళి, ఆయన స్నానం చేస్తున్నారని తిరిగొచ్చింది. రామలక్ష్మమ్మ గారు లోపలినుంచే వీరబ్రహ్మాన్ని హాలు గుమ్మం పక్కన అరుగు మీద కుర్చీలో కూర్చోమని, ఆయనకి పెట్టవలసిన కొత్తబట్టలు పళ్ళెంలో సర్దుతున్నారు. సత్తియ్య సుత్తి పట్టుకుని మేకులు ఏరుతున్నాడు.

సూర్యకళ ఇంక ఒక్క గంట అనుకుంది. ఈ గంట గట్టెక్కిస్తే చాలు తండ్రీ అనుకుంది. గంట తర్వాత ఏమవుతుందో ఆలోచించే ఓపిక ఆమెకి ఎప్పుడో పోయింది.

అప్పుడు ఫోను మోగింది.

రామలక్ష్మమ్మ గారు ఎత్తి, విని, సూర్యకళా, నీకేనమ్మా, విశాఖపట్నం అన్నారు. పడక్కుర్చీలో రాజుగారు, ఆ డాక్టర్ల పిల్లా, రమ్మను రమ్మను, ఆచారి ఇవాళ ద్వారబంధం ఎత్తుతున్నాడని చెప్పండి, సంతోషిస్తారు అన్నారు.

సత్యశ్రీ మర్యాదగానే మొదలుపెట్టింది. ఏడాదయింది కదండీ, మీవారు ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశానంది. తన చేత్తో తను తింటున్నారా? తింటున్నారండి. స్నానం? చేస్తున్నారండి. మనుషుల్ని పోల్చుకుంటున్నారా? ఆఁ. ఒక్కో జవాబుకీ అవతల కలం గీసిన చప్పుడు స్పీకర్లోంచి వినపడుతోంది. సూర్యకళ గోడకున్న క్యాలెండరు వంక చూస్తూ చెప్పుకుపోతోంది. అబద్ధం అలవాటైతే నోటికి పాఠం వచ్చినట్టే వస్తుంది.

"నడిచేటప్పుడు పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఉంటున్నాయా అమ్మా? గుమ్మాల దగ్గర, మెట్ల దగ్గర ఆగిపోతున్నారా?"

సూర్యకళ నోటిదాకా వచ్చిన లేదండి అక్కడే ఆగింది. కిందటిసారి ఈ పిల్ల నడక గురించి, నడుస్తున్నారా అని మాత్రమే అడిగింది. ఇప్పుడు, ఎక్కడో విశాఖపట్నంలో కూర్చుని, తన ఇంటి గుమ్మం దగ్గర తన మొగుడు నిలబడిపోవడం చూసినట్టు అడుగుతోంది. ఏడాదిలో ఎన్నడూ అడగని ప్రశ్న ఆమె నోట్లోంచి వచ్చింది.

"అది ఎందుకడుగుతారండీ?"

అవతల కలం ఆగింది. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. మెదడులో రక్తం కారినవాళ్ళల్లో కొందరికి, తీగచుట్ట బాగా కూర్చున్నా సరే, నెలలు గడిచాక లోపల నీరు నిలిచిపోతుందట. కారిన రక్తం ఆ నీరు పోయే దారుల్ని పూడ్చేస్తుందట. అప్పుడు మూడొస్తాయి. కాళ్ళు కదలవు. మాట గుర్తుండదు. ఒంటికి వెళ్ళేది ఆపుకోలేరు. ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుంటారు, వయసు అనుకుంటారు.

"అది జబ్బేనమ్మా. సన్నటి గొట్టం వేసి ఆ నీటిని కడుపులోకి దింపేస్తే మళ్ళీ నడిచినవాళ్ళున్నారు. కాకపోతే తొందరగా రావాలి. ఆలస్యమయ్యేకొద్దీ పోయింది తిరిగిరాదు."

సూర్యకళ మనసులో లెక్కవేసుకుంది. నూనె, తాయెత్తు, రబ్బరుషీటు. మూడింటికీ మూడు మందులు. మూడూ ఒకటే. ఆర్నెల్ల కిందట ఇదే ఫోన్లో, ఇదే గొంతుకి, ఉందండి అని ఒక్క మాట అని ఉంటే.

ఆమె మొహం చూసి సత్తియ్య గబగబా వచ్చాడు. వాడికి అక్క ఏం చెయ్యబోతోందో అర్థమయింది. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని గట్టిగా, రాజుగారికి వినపడేంత గట్టిగా, మా బావకి అలాంటివేం లేవండి, బంగారంలా ఉన్నాడు, ఇవాళ సింహద్వారం ఎత్తుతున్నాడు అన్నాడు.

"అలాగా అండీ. చాలా సంతోషం" అంది సత్యశ్రీ, నిజంగానే సంతోషించి. "అయితే పూర్తిగా బాగున్నారని రాసుకుంటున్నాను."

సూర్యకళ ఫోను లాక్కుంది.

"రాయకండి."

సత్తియ్య అక్కా అన్నాడు, గొంతు పైకి రాకుండా. ఆమె వాడివైపు చూడలేదు. రాజుగారివైపు చూడలేదు. గుమ్మం బయట కుర్చీలో కనిపిస్తున్న మొగుడి వీపు వంక చూసింది. ఆ వీపు కదల్లేదు. వింటున్నాడో లేదో తెలియలేదు.

"రాయకండమ్మా. నేను అబద్ధం చెప్పాను. దసరా నుంచి కాళ్ళు రావట్లేదు. ఇందాక ఈ ఇంటి మెట్టు నేను తడితే ఎక్కారు. పక్క తడుపుతారు. పగలు కూడా. ఇప్పుడు పంచె లోపల తువ్వాలు పెట్టి తీసుకొచ్చాను. కాఫీ తాగారో లేదో ఆయనకి తెలీదు. కార్తీకంలో మీరు అడిగినప్పుడు కూడా ఇవన్నీ ఉన్నాయి. లేవన్నాను."

హాల్లో రామలక్ష్మమ్మ గారి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. స్పీకర్లో ఏదో కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇవాళే బయల్దేరండమ్మా" అంది సత్యశ్రీ. ఆ గొంతులో ఇందాకటి ఉద్యోగం లేదు. "నేను డాక్టరు గారికి చెబుతాను. ఇప్పుడే."

"నడుస్తారా అమ్మా? పదిమందిలో ఎంతమంది?"

ఆ అమ్మాయి, ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్ళ లెక్క మా దగ్గర సరిగ్గా లేదమ్మా అంది.

"ఎందుకు లేదు? మొదట్లో ఏడుగురు అన్నారు కదండీ డాక్టరు గారు."

"ఆ లెక్క ఇళ్ళల్లోవాళ్ళు మాకు చెప్పినదాన్ని బట్టే కదమ్మా. అందరూ బాగానే ఉన్నామంటారు. మేం అదే రాసుకుంటాం."

సూర్యకళ గోడకి ఆనుకుంది. ఆ ఏడుగురిని ఆమె ఏడాదిగా రోజూ తలుచుకుంది. ఎవరో ఏడుగురు మగవాళ్ళు, బుట్టలు నెత్తినపెట్టుకుని, సైకిళ్ళు తొక్కుకుంటూ, దర్జాగా పనుల్లోకి పోతున్నట్టు ఊహించుకునేది. వాళ్ళని చూసి కుళ్ళుకునేది. ఇప్పుడు ఆ ఏడుగురి పక్కనా ఎడంవైపున ఒక్కో ఆడది నడుస్తూ కనిపించింది. చెయ్యి పట్టుకున్నట్టు కనపడకుండా, వదలకుండా. కార్తీకం తర్వాత ఆ ఆస్పత్రిలో ఏ అరుగు మీదో కూర్చున్న ఏ ఇల్లాలికో ఏడుగురమ్మా అని చెప్పి ఉంటారు. ఆ ఏడుగురిలో వీరబ్రహ్మాన్ని కలిపి.

ఫోను పెట్టేసింది.

పల్లంరాజు గారు పడక్కుర్చీలోంచి లేచారు. పెద్దమనిషి. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఆర్నెల్ల కిందట ఇక్కడే కదా అడిగింది ఆ పిల్ల. నా మొహం చూసి నిజం చెప్పలేకపోయావా అమ్మాయ్?"

"మీ మొహం చూసే చెప్పలేకపోయానండి."

రాజుగారికి వినపడలేదేమోనని ఎవరో ఆ మాట మళ్ళీ చెప్పబోయారు. వినపడింది. ఆయన సత్తియ్య వైపు తిరిగారు. ఈ ద్వారబంధం ఎవరి చేతిది అని అడిగారు. సత్తియ్య తల వంచుకుని కొలతలు బావవేనండి, రెండు బెజ్జాలు మాత్రం నేను మళ్ళీ తొలిచానండి అన్నాడు.

"రెండు కాదు. నాలుగు."

మాట అరుగు మీంచి వచ్చింది. వీరబ్రహ్మం ఇటు తిరగలేదు. పందిట్లో పడుకున్న ద్వారబంధం వంకే చూస్తున్నాడు.

"పైన రెండూ నువ్వు తొలిచావు. కింద రెండూ అతికి తొలిచావు. నేను అన్నానికి వెళ్ళొచ్చేసరికి చెక్కపొట్టు రంగు మారేది. తెలీదనుకున్నావా సత్తియ్యా?"

"తెలిస్తే ఎందుకు ఊరుకున్నావు బావా?"

వీరబ్రహ్మం చాలాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. ఈమధ్య మాటలు ఆయనకి చిక్కుముడి పడ్డ దారంలా వస్తున్నాయి. చివరికి చిక్కింది.

"మీ అక్క అంత కష్టపడి దాస్తోంది. పాడుచెయ్యడం ఎందుకని."

సూర్యకళ గుమ్మం దాటి అరుగు మీదికి వచ్చింది. ఆమెని చూసి ఆయన లేవబోయాడు. లేచాడు కూడా. అంతే, పాదాలు ఆగిపోయాయి. ఒక్క అడుగు దూరంలో ఆమె నిలబడి ఉంది, ఆ అడుగు పడలేదు. మనిషి ముందుకి ఊగి, కుర్చీ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నాడు. కొత్తపంచె ముందువైపు తడి పాకుతూ కిందికి దిగింది. తువ్వాలు చాల్లేదు. పందిట్లో జనం చూశారు. పొద్దుటి నుంచీ, ఆ మాటకొస్తే దసరా నుంచీ, ఏది జరక్కూడదని ఆమె ఊపిరి బిగబట్టుకుందో అది పట్టపగలు ఊరందరి ముందూ జరిగింది. ఆయన కిందికి చూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె కాళ్ళు కూడా కదల్లేదు.

కదిలింది రామలక్ష్మమ్మ గారు. నలుగురు మగవాళ్ళున్న చోటికి గుమ్మం దాటి రాని మనిషి ఆవిడ. పళ్ళెంలోంచి ఆచారికి పెట్టవలసిన కొత్తపంచె తీసి, మడత విప్పుతూ వచ్చి, ఆయన నడుం చుట్టూ కప్పి, సూర్యకళ చేతికి కొస అందించారు.

"పట్టుకో అమ్మాయ్. ఇందులో సిగ్గేముంది? మా మావగారికి పోయేదాకా నేనే మార్చాను. ఎవరడిగినా బాగున్నారనే చెప్పాను" అన్నారు, భర్తకి వినపడేలా.

పల్లంరాజు గారు భార్య వంక చూశారు. ఆ సంగతి ఆయనకి తెలుసో తెలీదో మనకి తెలీదు. ఆయన మాట్లాడకుండా పందిట్లోకి దిగి, డ్రైవర్ని పిలిచి, పంతులు గారు నడిచొస్తారు, నువ్వు వీళ్ళని విశాఖపట్నం తీసుకుపో అన్నారు. దారిలో ఆచారి ఆపమన్నచోట ఆపమని కూడా చెప్పారు. కోపం పోలేదు. కోపంతోనే వెనకసీటు మీద తన చేత్తో దుప్పటి పరిచారు.

సత్తియ్య నేనూ వస్తానన్నాడు. వీరబ్రహ్మం తల అడ్డంగా ఊపాడు. నువ్వుండు, నిలబెట్టు, నాలుగు బెజ్జాలు నీవే కదా అన్నాడు. కారెక్కేటప్పుడు సూర్యకళ ఆయన మోకాలి వెనక తట్టలేదు. రెండు చేతులూ ఆయన చంకల కింద వేసి, అందరూ చూస్తుండగా, ఎత్తి కూర్చోబెట్టింది. కారు కాలవగట్టు మీద దుమ్ము రేపుకుంటూ పాలకొల్లు వైపు మలుపు తిరిగింది.

దుమ్ము అణగకముందే ఫోను మళ్ళీ మోగింది.

ఈసారి పెద్ద డాక్టరు గారు. ఆయన గొంతు హాలంతా నిండింది. బయల్దేరారా? ఆపండి. ఆరో నెల పరీక్షకి ఆయన్ని తీసుకురాలేదు, బాగున్నారన్నారు కదా. ఆ తీగచుట్ట ఎలా ఉందో మేం చూడలేదు. ఒక్కోసారి చుట్ట అణిగి, బుడగలో మళ్ళీ చోటు పడుతుంది, అది మళ్ళీ పగలొచ్చు. నీటి సంగతి ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"నాకు ఒక్కటి చెప్పండి. ఈ రెండు మూడు రోజుల్లో తలనొప్పి అన్నారా? ముఖ్యంగా తల వెనక? ఉంటే ఇంత దూరం కారులో కుదిపి తీసుకురాకూడదు. రాజమండ్రిలోనే ఆపాలి. ఎవరికైనా తెలుసా?"

రామలక్ష్మమ్మ గారికి తెలీదు. రాజుగారికి తెలీదు. కారులో ఉన్న సూర్యకళకీ తెలీదు. ఆమె ఏడాదిలో మొదటిసారి మొగుడి చెయ్యి అందరికీ కనపడేలా పట్టుకుని, ఇక దాచేదేమీ లేదన్న నమ్మకంతో కూర్చుని ఉంది.

తెలిసినవాడు ఒక్కడే. మొన్నట్నుంచీ పాకలో వీరబ్రహ్మం పని మధ్యలో ఉలి కింద పెట్టి తల వెనక అరచెయ్యి ఆనించుకుంటున్నాడు. నిన్న కిళ్ళీకొట్టు నుంచి మాత్ర తెప్పించుకుని మింగి, ముహూర్తం దాటనీరా, మీ అక్కకి చెప్పకు అని సత్తియ్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

పందిట్లో పురోహితుడు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, వేళయింది, వడ్రంగి ఎవరు, రమ్మనండి అని కేకేస్తున్నాడు. హాల్లో స్పీకరు, వింటున్నారా అండీ అని అడుగుతోంది.

ఈ వారం సూర్యకళ బాధ చాలా చెప్పుకున్నాం. పత్రిక మూసేముందు ఒక్క మనవి. ఆ హాల్లో సుత్తి చేత్తో పట్టుకుని, ఇందాకే తెగిపోయిన అక్క ఒట్టుకీ ఇంకా తెగని బావ ఒట్టుకీ మధ్య నిలబడి, అందరూ వింటుండగా నోరు తెరవబోతున్న సత్తియ్యని మీరు గుర్తుపెట్టుకోండి.